ఇమ్యూనిటీ స్కోరు మా ల్యాబులో దొరకదు

పోయిన నెల ఒక టెస్టుల కంపెనీ మనిషి మా ల్యాబుకు వచ్చి కొత్త ప్యాకేజీ పెట్టుకోమన్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. సీబీపీ (రక్తకణాల లెక్క), విటమిన్ డి, బీ12, జింకు, సీఆర్‌పీ, ఇంకో రెండు మూడు కలిపి ఒకటే రేటు. చివర్లో అన్నిటినీ గుదిగుచ్చి వందకు ఇన్ని మార్కులని ఒక ‘ఇమ్యూనిటీ స్కోరు’. రంగుల పేజీ, దాని మీద మీటరు ముల్లు బొమ్మ. “కరోనా తర్వాత జనం ఇదే అడుగుతున్నరు సార్” అన్నాడు. అబద్ధం కాదు, అడుగుతున్నారు. మా నల్లగొండలో గడియారం సెంటర్ దాకా నడిస్తే మందుల షాపు అద్దం మీద, ఆయుర్వేద దుకాణం బోర్డు మీద, ఆఖరికి జ్యూస్ బండి మీద కూడా ఇమ్యూనిటీ అన్న మాట కనిపిస్తుంది.

నేను వద్దన్నాను. అందులోని టెస్టులతో నాకు పేచీ లేదు, విడివిడిగా అన్నీ పనికొచ్చేవే. పేచీ ఆ మార్కులతోనే. ఇమ్యూనిటీని ఒంట్లో ఎంత నిల్వ ఉందో కొలిచి, తక్కువ పడితే పోసి నింపుకునే సరుకుగా చూడటం నాకు మింగుడు పడదు. మనల్ని కాపాడే కణాలు మూలుగలో (బొక్క లోపలి మజ్జలో) ఎలా పుట్టి ఎలా పెద్దవవుతాయో కాస్త లోతుగా చదివితే, అక్కడ ఒళ్లు వాటిని పుట్టించడానికి ఎంత కష్టపడుతుందో ఏరి పారేయడానికీ అంతే కష్టపడుతుందని తెలుస్తుంది. ఏరి పారేసినదాని లెక్క ఏ రిపోర్టులోనూ రాదు. ఆ లెక్క లేకుండా వేసే మార్కులకు విలువ లేదన్నదే నా వాదన. దీనికి అడ్డం తగిలే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, వాటినీ దాటెయ్యను.

ఎక్కువుంటే మంచిదే గదా

మా కౌంటర్ దగ్గర తరచుగా వినే ప్రశ్న ఇది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి రిపోర్టు తీసుకుని, టీసీ (మొత్తం తెల్లకణాల లెక్క) 16,000 పక్కన ఉన్న పైబాణం గుర్తు మీద వేలు పెట్టి, “తెల్లకణాలు ఎక్కువనే ఉన్నయంటే తాకత్ ఉన్నట్టే గద సారూ?” అన్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఎక్కడా పుండు లేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు, మోకాళ్ల నొప్పులకు ఊళ్లో సూదులు వేయించుకుంటున్నాడట. “సూది పడ్డంక నాలుగొద్దులు నొప్పే తెల్వదు.”

ఆ సూదిలో ఏముందో నేను చూడలేదు. స్టెరాయిడ్ అయితే మాత్రం రక్తంలో లెక్క సరిగ్గా ఇలాగే వస్తుంది. న్యూట్రోఫిల్ అనే రకం తెల్లకణాల్లో చాలా భాగం మామూలుగా రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి మేం తీసే రక్తంలోకి రావు. స్టెరాయిడ్ పడగానే అవి పట్టు వదిలి ప్రవాహంలోకి దిగుతాయి. మూలుగలో నిల్వ ఉన్నవి కూడా బయటికొస్తాయి. గోడను పట్టుకోలేని కణం గోడ దాటి ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి పోలేదు. మిషన్ అంకె పెరిగింది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గింది, రెండూ ఒకే సూది పుణ్యం. పెద్దమనిషికి ఇదంతా చెప్పలేదు. ఈ రిపోర్టు పెద్ద డాక్టరుకు చూపించి సూదుల సంగతి కూడా దాచకుండా చెప్పమన్నాను.

ఇది చిన్న ఉదాహరణ. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో 4,000 నుంచి 11,000 లోపు ఉండాల్సిన లెక్క లక్ష దాటిపోతుంది. ఆ రక్తం స్లైడుకు లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే, మూలుగ గడప దాటకూడని వయసువన్నీ రక్తంలో కనిపిస్తాయి: ప్రోమైలోసైట్లు, మైలోసైట్లు, మెటామైలోసైట్లు. అక్యూట్ లుకేమియాలో ఇంకా లేతవి వస్తాయి. కణం నిండా కేంద్రకమే, లోపల రేణువులు లేవు, పని రాదు. లెక్క వేలల్లో, లక్షల్లో ఉన్నా ఆ జబ్బున్న బిడ్డకు మామూలు జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే ఎదిగిన న్యూట్రోఫిల్స్ వెతికినా దొరకవు. అందుకే డాక్టర్లు మొత్తం లెక్క వదిలేసి, న్యూట్రోఫిల్స్ ఒక్కటే లెక్కగట్టే ఏఎన్‌సీ అడుగుతారు. పనికొచ్చే న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గి జ్వరం వస్తే రాత్రికి రాత్రే అడ్మిట్ చేసుకుంటారు.

బొక్క లోపల

బొక్కల గురించి నల్లగొండకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను, వంకర తిరిగిన కాళ్లను చూస్తూ పెరిగిన వాళ్లం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. అయితే బొక్క లోపల ఏముందంటే మాత్రం మనకు ఆదివారం కూరలో నల్లి బొక్కే గుర్తొస్తుంది. దాన్ని జుర్రుకుంటే బలం అంటారు. రుచి సంగతికి నేనూ అడ్డు చెప్పను.

ట్రైనింగ్ రోజుల్లో హైదరాబాద్‌లో మజ్జ పరీక్షలకు స్లైడ్లు పట్టుకుని నిలబడే పని నాకిచ్చేవారు. పేషెంటును పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద వెనక బొక్కలోకి సూది దించుతారు. తిమ్మిరి మందు పైకే, లోపలికి పనిచెయ్యదు. సిరంజి గుంజేటప్పుడు ఎంతటి మొండి మనిషైనా ఒక్కసారి ఊపిరి బిగపడతాడు. వచ్చేది అర మిల్లీలీటరు. చుక్కను ఏటవాలు స్లైడు మీద వేస్తే రక్తం జారిపోయి, సన్నటి బూడిదరంగు పలుకులు మిగులుతాయి. అవే మజ్జ రేణువులు. గడ్డ కట్టేలోపు వాటిని ఇంకో స్లైడుతో మెల్లగా నొక్కి పరచాలి. పెద్దవాళ్లలో రక్తం ఊరే చోట్లు తక్కువ: తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు. ఆ కాస్త చోటులోనే రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారవుతాయి.

న్యూట్రోఫిల్ కథ సూటిగానే ఉంటుంది. మూలకణం నుంచి మెట్టు మెట్టుగా ఎదిగి, కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయాక బయటికి వస్తుంది. నిమోనియా లాంటిది వస్తే మూలుగ ఆగలేక, కేంద్రకం ఇంకా విడిపోని వాటిని కూడా పంపేస్తుంది. బ్యాండ్ ఫారమ్స్ అని రిపోర్టులో రాసేది వాటినే.

బి కణాల కథే వేరు. క్రిములను పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసే కణాలివి. ఎప్పుడూ చూడని క్రిమిని కూడా గుర్తుపట్టాలంటే కోట్ల రకాల యాంటీబాడీలు కావాలి. అన్నిటికీ విడివిడి జన్యువులు ఒంట్లో పట్టవు. మరి ఎలా? సుసుము తొనెగావా 1976లో చూపించిందేమిటంటే, బి కణం ఎదిగేటప్పుడు తన డీఎన్ఏను తానే కత్తిరించి, ముక్కలు అటూ ఇటూ కలిపి అతికించుకుంటుంది. దానికి 1987లో నోబెల్ వచ్చింది. యాంటీబాడీలో ఉండే రెండు రకాల గొలుసుల్లో పెద్దదైన బరువు గొలుసు కోసం 40 చిల్లర వి ముక్కల్లో ఒకటి, 20 పైచిలుకు డి ముక్కల్లో ఒకటి, 6 జె ముక్కల్లో ఒకటి. అతుకుల మధ్య ఇంకో ఎంజైము ఇష్టమొచ్చినట్టు డీఎన్ఏ అక్షరాలు చేరుస్తుంది. కత్తిరించేవి ర్యాగ్-1, ర్యాగ్-2 అనే ప్రోటీన్లు. ఎదుగుతున్న కణం తన జన్యువుల మీద తానే కత్తి పెట్టుకోవడమేంటని మొదటిసారి చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. పిల్లల్లో వచ్చే ఒక రకం లుకేమియాలో ఈ కత్తే పక్క జన్యువుల మీద పడ్డ గుర్తులు దొరికాయి కూడా.

ఇలా గుడ్డిగా అతికిస్తే చెడిపోయేవే ఎక్కువ. మూడేసి అక్షరాలుగా చదివే భాషలో అతుకు ఒక్క అక్షరం జరిగినా మొత్తం వృథా, అంటే మూడింట రెండు అతుకులు మొదట్లోనే దండగ. అందుకే మూలుగ అడుగడుగునా ఆపి చూస్తుంది. బరువు గొలుసు కుదిరిందా? కుదరకపోతే కణం అక్కడే చస్తుంది. కుదిరితే తేలిక గొలుసు పని మొదలవుతుంది. రెండూ కలిసి యాంటీబాడీ పైకి తేలాక అసలు పరీక్ష: ఈ కణం చుట్టూ ఉన్న సొంత ఒంటినే పట్టుకుంటోందా? పట్టుకుంటే ఇంకోసారి తేలిక గొలుసు మార్చుకునే అవకాశం ఇస్తుంది. అప్పటికీ మారకపోతే చంపేస్తుంది, లేదా చలనం లేకుండా చేసి వదిలేస్తుంది. ఎలుకల్లో వేసిన లెక్క ప్రకారం రోజుకు కోటి నుంచి 2 కోట్ల దాకా లేత బి కణాలు పుడితే ప్లీహం దాకా చేరేవి పదో వంతు. టి కణాలనే ఇంకో రకం రక్షణ కణాలు పుట్టుక వరకే మూలుగలో, పరీక్ష మాత్రం రొమ్ము ఎముక వెనకుండే గ్రంథి, థైమస్‌లో. అక్కడ నూటికి 95 పైనే బయటపడవు.

మనుషుల సంగతి 2003లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు తేల్చారు. మూలుగలోని లేత బి కణాలను ఒక్కొక్కటిగా తీసి, వాటి యాంటీబాడీలను బయట తయారుచేసి చూస్తే 55 నుంచి 75 శాతం సొంత ఒంటి పదార్థాలకే అంటుకున్నాయి. సగానికి పైగా! మిర్యాలగూడలో బియ్యం మిల్లు చూసినవాళ్లకు ఇది తేలికగానే అర్థమవుతుంది. అక్కడ సార్టెక్స్ మిషన్ నల్ల గింజను, రంగు మారిన గింజను ఊది అవతల పడేస్తుంది. ఎన్ని బస్తాలు నింపారన్నది ఒక లెక్కే, కానీ మిల్లు పనితనం తెలియాలంటే వెనక పడ్డ కుప్ప చూడాలి. మేం సిరంజిలో తీసేది బస్తాలో బియ్యాన్నే. కుప్ప మూలుగలోనే మాయమవుతుంది.

షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాల వాళ్లకు ఈ విషయంలో మనకన్నా అనుభవం ఎక్కువ. కోళ్లలో బి కణాలు పెరిగేది తోక దగ్గరుండే బర్సా అనే చిన్న సంచిలో. ఆ సంచి పని ఏమిటో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధకుడు కనిపెట్టి రాస్తే పెద్ద పత్రిక తిప్పి పంపింది. చివరికి అది 1956లో కోళ్ల పెంపకం పత్రికలో అచ్చయింది. గంబోరో వైరస్ సరిగ్గా ఆ సంచిలోని కణాలనే చంపుతుంది. రెండు మూడు వారాల లోపు పిల్లకు అది సోకితే, పిల్ల బతికినా తర్వాత వేసే టీకాలు సరిగా పట్టవు. ఇంకేదో జబ్బుకు పోతుంది. అప్పుడు ఎన్ని టానిక్కులు నీళ్లలో కలిపినా ప్రయోజనం ఉండదని ఫారం నడిపేవాళ్లే చెప్తారు. వాళ్ల ఇళ్లల్లో మాత్రం ఇమ్యూనిటీ పొడి డబ్బా ఉంటుంది, అది వేరే సంగతి.

పిల్లకు తాగించిన కషాయం

మా అక్క బిడ్డకు ఇంటర్‌లో ఉండగా బుగ్గల మీద ఎర్రటి దద్దు, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో అలర్జీ అన్నారు. హైదరాబాద్‌లో సొంత ఒంటినే పట్టే యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్ష చేసి లూపస్ అని తేల్చారు. ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడే జబ్బు. డాక్టరు బావకు అర్థమయ్యేలా “ఇది ఇమ్యూనిటీకి సంబంధించిన జబ్బు” అని చెప్పారు. ఇంటికొచ్చేసరికి అది “ఇమ్యూనిటీ తక్కువైందట” అయి కూర్చుంది. ఇంకేముంది, పెరట్లో వేప చెట్టుకు పాకిన తిప్పతీగ కోసుకొచ్చి పొద్దున్నే కషాయం. పక్కింటామె తెచ్చిచ్చిన పొడి పాలల్లో. ఎవరో చెప్పిన సిరప్పు రాత్రికి.

తెలిసిన రోజు బావతో పెద్ద గొడవే అయింది. “డాక్టరేమో తగ్గించే గోలీలిస్తుండు, మీరేమో పెంచేదని తాగిస్తున్రు. ఆ పిల్ల ఎటు పోవాలె బావా?” అన్నాను. ఆయన జవాబు ఒక్కటే: “చెట్టు ఆకే గదరా, ఏం జేస్తది?” అక్క మధ్యలో కల్పించుకుని, “ఏం జెయ్యకుంట ఊకెట్ల కూసుంటంరా” అంది. బావ మాటకు నా దగ్గర జవాబుంది. 2021లో ముంబయి కాలేయ వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. జబ్బు తీరు సొంత ఒంటి మీద దాడి చేసే రకానిది. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు, ఆ వాదన అలా నడిచింది. వాదన తేలేదాకా లూపస్ ఉన్న పిల్ల మీద ప్రయోగం చెయ్యక్కర్లేదని నేనంటాను. అక్క మాటకు మాత్రం జవాబు లేదు. చేతులు ముడుచుకు కూర్చోలేని తల్లికి, ఏదో ఒకటి మరిగించి ఇవ్వడం ఆమె భయానికి మందు.

లూపస్ విషయంలో రాక్‌ఫెల్లర్ వాళ్ల పనే 2005లో ఇంకో అడుగు వేసింది. మామూలు మనుషుల రక్తంలో ఎదిగిన కొత్త బి కణాలను చూస్తే, సొంత ఒంటిని పట్టుకునేవి 5 నుంచి 20 శాతం. మందులు మొదలుపెట్టని లూపస్ పేషెంట్లలో 25 నుంచి 50 శాతం. ఆ కణాలు ఇంకా ఏ క్రిమితోనూ తలపడనివి. అంటే ఏరివేత దగ్గరే ఎక్కడో జారిపోయిందన్నమాట. మా అక్క బిడ్డ సీబీపీలో ఇది కనిపించదు. పైగా లూపస్‌లో తెల్లకణాలు తరచుగా తగ్గుతాయి. ఆ ప్యాకేజీలో పెడితే స్కోరు తక్కువొచ్చి, “పెంచుకోండి” అనే సలహా కింద అచ్చయ్యేది.

ఎదురు మాటలు

నా వాదన మరీ బిగించి చెప్తే తప్పు దారి పడుతుంది. లోపం ఉన్నచోట ఇవ్వాల్సిందే. స్లైడులో న్యూట్రోఫిల్ కేంద్రకానికి ఆరు తమ్మెలు కనిపిస్తే బీ12 గానీ ఫోలేట్ గానీ తక్కువైందని అనుమానించి రాస్తాను. అలాంటి మనిషి మూలుగ తీసి చూస్తే కణాలతో కిక్కిరిసి ఉంటుంది, రక్తంలోనేమో కొరత. డీఎన్ఏ సరిగా తయారుకాక కణాలు ఎదగలేక లోపలే పోతున్నాయి. విటమిన్ ఇస్తే కొద్ది రోజుల్లో తేటపడుతుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ సారంతో వైద్యం చేసి, తర్వాత ఫోలేట్‌గా తేలిన పదార్థానికి దారి వేసింది. తిండి చాలని పిల్లల్లో థైమస్ కుంచించుకుపోతుంది. వాళ్లకు గుడ్డు, పప్పు, పాలు ఇమ్యూనిటీ మందే అంటే నేను కాదనను.

అదే ఫోలేట్ రెండో ముఖం చూపించింది మన యెల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన పదార్థాలతోనే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం రకాలు ఇచ్చి చూస్తే, మూలుగలో జబ్బు కణాలు ఇంకా చెలరేగినట్టు కనిపించింది. అయితే దీనికి అడ్డుపడేదిస్తే? సుబ్బారావు గారి లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్ ఇచ్చారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది, సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడాదే. ఒకే విటమిన్ ఒక చోట ప్రాణం పోసింది, ఇంకో చోట జబ్బుకు మేత అయింది. ‘పెంచేది’ అని అట్ట మీద రాసి అమ్మితే ఎవరికి ఏది పెరుగుతుందో ఎవరు చూస్తారు?

నన్ను ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. ఏరివేత ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని నా మాటల్లో ధ్వనిస్తే, అదీ నిజం కాదు. హెచ్ఐవీని రకరకాల రూపాల్లో అడ్డుకోగల యాంటీబాడీల్లో 2ఎఫ్5, 4ఈ10 అనేవి సొంత ఒంటి కొవ్వు పదార్థాలకు కూడా కొద్దిగా అంటుకుంటాయి. ఆ యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలుకల్లో అలాంటి బి కణాలు చాలావరకు మూలుగ దాటకుండానే పోయాయి. పనికొచ్చే ఆయుధాన్ని కూడా మూలుగ అనుమానంతో పారేస్తుందన్నమాట. హెచ్ఐవీ టీకా ఇన్నేళ్లుగా రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటని అంటారు. కాబట్టి ఎంత ఏరాలి, ఎంత వదలాలి అన్నదానికి ఒంటి దగ్గర కూడా తిరుగులేని జవాబు లేదు. అలాంటప్పుడు ఆ జవాబు ఒక రంగుల పేజీ దగ్గర ఉందంటే నేనెలా నమ్మేది?

కీమోథెరపీ తర్వాత ఇచ్చే జీసీఎస్ఎఫ్ సూది నిజంగానే తెల్లకణాలను పెంచుతుంది కదా అని మా ల్యాబు కుర్రాడు అడిగాడు. పెంచుతుంది, న్యూట్రోఫిల్స్‌ను. వాటి కొరత ఉన్నవాడికి ఆ నాలుగు రోజులు అది దేవుడే. టీకా కూడా పెంచుతుంది, కానీ ఒక్క క్రిమికి సరిపోయే కణాలను మాత్రమే. ఫలానా జబ్బుకు ఫలానా టీకా అంటే నేను చెయ్యి చాస్తాను. పేరూ ఊరూ లేని పెంపు దగ్గరే నా చెయ్యి ఆగిపోతుంది.

టీసీ నార్మలే

జడ్చర్లలో నా దోస్తు తమ్ముడికి వాళ్లక్క ఇచ్చిన మూలకణాలతో మూలుగ మార్పిడి జరిగింది. మన దేశంలో ఈ వైద్యం 1983లో ముంబయి టాటా ఆసుపత్రిలో మొదలైంది, ఇప్పుడు హైదరాబాద్‌లోనే చేస్తున్నారు. మొదటి నెల దాటకముందే అతని న్యూట్రోఫిల్స్ లేచాయి. కొన్ని నెలలకు టీసీ 6,200. ఏ లోటూ లేని రిపోర్టు. ఇంటిల్లిపాదీ సంబరపడి కురుమూర్తి జాతరకు పోదామన్నారు. డాక్టరు ససేమిరా అన్నారు. జనంలోకి వద్దు, మాస్కు తియ్యొద్దు, పచ్చివి తినొద్దు. “రిపోర్టు మంచిగనే ఉంది గద మేడం?” అంటే, అంకె వచ్చింది గానీ కణాలకు ఇంకా అనుభవం రాలేదని చెప్పారట. మూలుగ కొత్తగా మొదలుపెట్టి బి కణాలను ఏరుకోవడానికి నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో థైమస్ ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి టి కణాలకు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల జ్ఞాపకం చాలావరకు పాత కణాలతోనే పోయింది. అందుకని ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో టీకాలు మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి. తట్టు టీకా రెండేళ్లు దాటాకే, అదీ ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఆపి ఉంటేనే.

డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని, ఊళ్లోనే అయిపోతుందేమోనని ఒక బుధవారం అతను దగ్గర్లోని పీహెచ్‌సీకి పోయాడు. టీకాల రోజు, వరండా అంతా చంటిపిల్లల ఏడుపులు. ఏఎన్ఎం చీటీ చూసి, “పిల్లగాడు యాడ?” అంది. “నేనేనమ్మా” అన్నాడు. ఆమె చీటీని రెండుసార్లు చదువుకుని లోపలికెళ్లి డాక్టరు సారును తీసుకొచ్చింది. ఆయన విషయం అర్థం చేసుకుని, ఈ లిస్టులోవన్నీ పెద్దవాళ్ల డోసులో ఇక్కడ ఉండవు, హైదరాబాద్‌లోనే వేయించుకొమ్మని వెనక్కి పంపాడు. ఇంజెక్షన్లు అక్కడే మొదలయ్యాయి. ఇంట్లో వాళ్ల అమ్మ అతని చిన్నప్పటి టీకా కార్డు బీరువాలోంచి తీసిచ్చింది, పనికొస్తుందేమోనని.